రేవు పట్టణపు దరువు: గ్యాబర్ సంగీతం నాడు, నేడు

యంత్రాలతో కూర్చిన నృత్య సంగీతంలో వేగానికీ మోతకూ హద్దు పెట్టుకోని శాఖలన్నిటినీ ఐరోపాలో ‘హార్డ్ డాన్స్’ అనే ఉమ్మడి పేరుతో పిలుస్తారు. హార్డ్‌కోర్, హార్డ్‌స్టైల్, ఫ్రెంచ్‌కోర్, స్పీడ్‌కోర్ అంటూ సాగే ఈ పేర్ల చిట్టా బయటివారిని బెదరగొట్టేంత పొడుగ్గా ఉన్నా, వీటిలో చాలావాటి వంశవృక్షం వెతుక్కుంటూ వెళితే 1990ల ఆరంభంలో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ రేవు పట్టణంలో రూపుదిద్దుకున్న గ్యాబర్ అనే బాణీ దగ్గరకు చేరుకుంటాము. రేడియోలు దూరం పెట్టిన, విమర్శకులు సంగీతమే కాదని కొట్టిపారేసిన, ఒక దశలో సొంత దేశంలోనే నవ్వులపాలైన ఈ బాణీ ముప్పై ఏళ్ల తరువాత బాలి ద్వీపంలోనూ, యూరోవిజన్ పాటల పోటీ వేదిక మీదా వినిపించింది. అదెలా సాధ్యపడిందో తెలుసుకోవాలంటే ఆ బాణీ ఎలా ఉంటుందో ఎంత చూడాలో, అది ఒకరి నుంచి ఒకరికి ఎలా చేరిందో కూడా అంతే చూడాలి.

ముందుగా వేగం సంగతి. నృత్య సంగీతంలో నిమిషానికి ఎన్ని దెబ్బలు పడతాయన్న లెక్కను బీపీఎం అంటారు. విశ్రాంతిగా కూర్చున్న ఆరోగ్యవంతుని గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. షికాగోలో పుట్టిన హౌస్ సంగీతం 120-130 దగ్గర నడుస్తుంది. డెట్రాయిట్‌లో పుట్టిన టెక్నో దానికి కాస్త పైన ఉంటుంది. గ్యాబర్ 150-160 దగ్గర మొదలై తొలి రెండు మూడేళ్లలోనే 190 దాకా పోయింది. దాని సంతానమైన ఫ్రెంచ్‌కోర్ 200 దగ్గర తిరుగుతుంది, స్పీడ్‌కోర్ 300 దాటినా ఆశ్చర్యం లేదు. 1993లో అమెరికా సంగీతకారుడు మోబీ ‘థౌజండ్’ అనే రచనలో వేగాన్ని 1,000 దాటించి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. దెబ్బలు సెకనుకు 20కి, అంటే నిమిషానికి 1,200కు, మించితే చెవి వాటిని విడివిడిగా పోల్చుకోలేక ఒకే అఖండ నాదంగా వింటుంది కనుక, ఆ హద్దు దగ్గర లయే శ్రుతిగా మారిపోతుంది. ఈ భౌతిక ధర్మాన్ని ఆటవస్తువుగా చేసుకున్న ఎక్స్‌ట్రాటోన్ అనే చిన్న శాఖ కూడా ఉంది గానీ, దానికి అడుగులు వేయడం మనిషి కాళ్లకు సాధ్యమయ్యే పని కాదు.

రాటర్‌డ్యామ్ స్వభావం తెలియకుండా గ్యాబర్ స్వభావం బోధపడదు. 1940 మే 14న జర్మన్ విమానాలు కురిపించిన బాంబులకు ఆ నగరపు నడిబొడ్డు నేలమట్టమైంది. యుద్ధానంతరం పాత కట్టడాలను యథాతథంగా నిలబెట్టే బదులు కాంక్రీటుతో, వెడల్పాటి వీధులతో దాదాపు కొత్త నగరాన్నే కట్టుకున్నారు. ఐరోపాలోకెల్లా పెద్ద రేవు అక్కడే ఉండటంతో ఓడల్లోంచి సరుకు దించేవారు, చమురుశుద్ధి కర్మాగారాల్లో పనిచేసేవారు, వారి కుటుంబాలు ఆ ఊరి స్వరూపాన్ని నిర్ణయించారు. గంట ప్రయాణం దూరంలో ఉన్న ఆమ్‌స్టర్‌డ్యామ్‌కు కాలువలు, చిత్రశాలలు, పర్యాటకుల రద్దీ ఉన్నాయి. రెండు ఊళ్ల మధ్య పాత వైరమూ ఉంది, అది ఫైనార్డ్, అయాక్స్ ఫుట్‌బాల్ జట్లు తలపడిన రోజున రోడ్డెక్కుతుంది. 1980ల చివర హౌస్ సంగీతం ఐరోపాకు వచ్చినప్పుడు ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో రాక్సీ వంటి క్లబ్బులు దాన్ని నాజూకైన అభిరుచిగా, చక్కటి ముస్తాబుతో వచ్చి ఆస్వాదించే వేడుకగా మలుచుకున్నాయి. రేవు పట్టణపు కుర్రకారుకు ఆ నాజూకుదనమే గిట్టలేదు.

యూరోమాస్ట్ గోపురానికి పక్కనున్న ఉద్యానవనంలో పార్క్‌జిఖ్త్ అనే క్లబ్బు ఉండేది. అక్కడ డీజే రాబ్ వారం వారం మరింత వేగమైన, మరింత మొరటైన రికార్డులు వేస్తూ పోగా, వాటికి అలవాటుపడిన జనం అంతకంటే తీవ్రమైనవాటిని కోరసాగారు. 1992లో పాల్ ఎల్‌స్టాక్ అనే డీజే రాటర్‌డ్యామ్ రికార్డ్స్ అనే లేబుల్‌ను, అంటే రికార్డులు అచ్చువేసి అమ్మే సొంత సంస్థను, స్థాపించాడు. యూరోమాస్టర్స్ బృందం పేరిట వచ్చిన దాని తొలి రికార్డు ఆమ్‌స్టర్‌డ్యామా, అదెక్కడుందబ్బా అని ఎద్దేవా చేసే శీర్షికతోనే బయటికొచ్చింది. వీళ్లు వట్టి ‘గ్యాబర్’లు, సరదా కోసం గోల చేస్తున్నారు అన్న ధోరణిలో ఆమ్‌స్టర్‌డ్యామ్ డీజే ఒకరు చేసిన వ్యాఖ్య నుంచే ఈ సంగీతానికి పేరు స్థిరపడిందని చెబుతారు, యిడ్డిష్ నుంచి డచ్చి వాడుకలోకి వచ్చిన ఆ మాటకు దోస్తు అని అర్థం. ఎల్‌స్టాక్ దానికి నొచ్చుకోకుండా, గ్యాబర్‌గా ఉండటం సిగ్గుపడాల్సిన విషయం కాదన్న వాక్యాన్ని రికార్డు అంచున చెక్కించి మరీ విడుదల చేశాడు.

అయితే రాటర్‌డ్యామ్ శూన్యంలోంచి దీన్ని సృష్టించలేదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్క్ ట్రౌనర్ అనే యువకుడు మెస్కాలినం యునైటెడ్ అనే మారుపేరుతో 1990లో చేసిన ‘వి హావ్ అరైవ్డ్’ను గ్యాబర్ కూడా ఒక భాగమైన హార్డ్‌కోర్ బాణీలో తొలి రచనగా చాలామంది అంగీకరిస్తారు. న్యూయార్క్‌లో లెనీ డీ 1991లో ఇండస్ట్రియల్ స్ట్రెంగ్త్ రికార్డ్స్ ప్రారంభించాడు. అదే ఏడు, న్యూయార్క్‌కే చెందిన జోయీ బెల్‌ట్రమ్ భాగస్వామిగా వచ్చిన ‘మెంటాజం’, రాటర్‌డ్యామ్ బృందం హ్యూమన్ రిసోర్స్ చేసిన ‘డామినేటర్’ రోలాండ్ ఆల్ఫా జూనో అనే సింథసైజర్‌లోంచి ఒక వింత రొదను జనానికి పరిచయం చేశాయి. వాక్యూమ్ క్లీనర్ హోరును తలపించే ఆ ధ్వనికి ‘హూవర్’ అనే పేరే నిలిచిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మసకమసకగా, భవిష్యత్తు గురించిన భయంతో నిండి ఉన్న సంగీతాన్ని రాటర్‌డ్యామ్ తీసుకుని దానికి రేవు కార్మికుల బూతుహాస్యాన్ని, ఫుట్‌బాల్ మైదానపు కేకలను జోడించింది. రాటర్‌డ్యామ్ టర్మినేషన్ సోర్స్ చేసిన ‘పోయింగ్’ అనే 1992 నాటి రచనలో దరువు మీద ఎగిరెగిరిపడే బంతి లాంటి ఒక్క శబ్దం తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేకపోయినా అది ఐరోపాలో పలుచోట్ల ప్రజాదరణ పట్టికల్లోకెక్కింది.

ఈ సంగీతం ప్రాణమంతా ‘కిక్’లో ఉంది. కిక్ అంటే డ్రమ్స్ వాయించేవారు కాలితో మోగించే పెద్ద డోలు దెబ్బ. యంత్ర సంగీతంలో దాన్ని విద్యుత్తుతో పుట్టిస్తారు. జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ 1983లో తెచ్చిన టీఆర్-909 అనే డ్రమ్ మెషీన్ తయారైన కాలంలో సరిగా అమ్ముడుపోలేదు. పాత సరుకుగా చవగ్గా చేతికి రావడం వల్లనే అది షికాగో, డెట్రాయిట్, రాటర్‌డ్యామ్ యువకుల దగ్గరకు చేరింది. ఆ యంత్రంలో కిక్ అనేది హెచ్చుస్థాయిలో మొదలై క్షణంలో మంద్రానికి జారిపోయే నునుపైన తరంగం. గ్యాబర్ స్వరకర్తలు చేసిందల్లా ఆ తరంగాన్ని మిక్సింగ్ బల్ల భరించగలిగిన స్థాయికి మించి పెంచేయడమే. శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు శబ్దాన్ని చివరిదాకా తిప్పినప్పుడు పాట బొంగురుపోయి గరగరలాడుతుందే, సరిగ్గా అదే ఇక్కడా జరుగుతుంది: తరంగపు కొనలు తెగిపోతాయి, గుండ్రని ఆకారం పలకలుగా మారుతుంది, మూలధ్వనిలో లేని ఉపస్వరాలు పుట్టుకొస్తాయి. సౌండు ఇంజినీర్లు దోషంగా ఎంచే ఈ వికృతిని వీరు వాద్యంగా స్వీకరించారు.

దీని ఫలితం లోతైనది. వికృతి చెందిన దెబ్బ తోక పొడుగవుతుంది, దానికి స్పష్టమైన శ్రుతి వస్తుంది, అందువల్ల డోలే బేస్ గిటారు పనీ చేస్తుంది. స్వరస్థానాలు మార్చుకుంటూ వాయిస్తే డోలే పాటా పాడుతుంది. మిగతా సంగీతాల్లో లయ కింద ఉండి రాగాన్ని మోస్తుండగా, గ్యాబర్‌లో లయే అన్ని స్థానాలనూ ఆక్రమించి, రాగానికి, మాటకు మిగిలిన ఖాళీల్లో మాత్రమే చోటిస్తుంది. హిప్‌హాప్ రికార్డుల నుంచి, భయానక చలనచిత్రాల నుంచి కత్తిరించి తెచ్చిన ఒకటి రెండు వాక్యాలు ఆ ఖాళీల్లో పదేపదే వినిపిస్తాయి. అనుభవజ్ఞులైన శ్రోతలు ఒక్క కిక్ విని ఇది ఏ సంవత్సరం నాటిదో, ఎవరి పనితనమో పోల్చుకుంటారు; ఇప్పటికీ ఒక కొత్త రచన వచ్చిందంటే ముందు చర్చకు వచ్చేది దాని రాగం కాక దాని కిక్. అన్ని పాటలూ ఒకేలా ఉన్నాయన్న బయటివారి ఫిర్యాదు చాలావరకు కిక్‌ను వినడం అలవాటు లేకపోవడం వల్ల వచ్చేదే, అయినా ఆ ఫిర్యాదులో కొంత నిజం లేకపోలేదు: ఈ బాణీలో అనుకరణలు లెక్కకు మించి ఉన్నాయి.

క్లబ్బులోంచి దీన్ని వేలాదిమంది పట్టే మందిరాలకు చేర్చింది ఐడీఅండ్‌టీ అనే సంస్థ. ముగ్గురు మిత్రులు నడిపిన ఆ సంస్థ 1992 జూన్‌లో ఉట్రెక్ట్‌లో ‘ద ఫైనల్ ఎగ్జామ్’ పేరుతో ఒక రాత్రి వేడుక జరిపి, అదే ఏడు అక్టోబరులో హేరెన్‌వేన్‌లోని మంచు స్కేటింగ్ స్టేడియంలో మొదటి ‘థండర్‌డోమ్’ను నిర్వహించింది. వేడుకలకు తోడుగా అదే పేరుతో వరుసగా వెలువడిన సీడీల సంకలనాలు వేడుకలకు రాలేని చిన్న పట్టణాల పిల్లల గదుల్లోకీ, సరిహద్దులు దాటి జర్మనీ, ఇటలీ వంటి దేశాల్లోకీ వెళ్లాయి. వాణిజ్యమే గ్యాబర్‌ను చంపిందని వాదించే శుద్ధతావాదులు ఈ సీడీల సంగతి మరచిపోతారు. అంతమంది చేతుల్లోకి ఆ ధ్వని చేరి ఉండకపోతే తరువాత దాన్ని బతికించే వారసులు పుట్టేవారే కారు.

1995 నాటికి గ్యాబర్ నెదర్లాండ్స్‌లో అతి పెద్ద యువజన సంస్కృతిగా ఎదిగింది. వీపీఆర్‌వో టెలివిజన్ ఆ ఏడు ప్రసారం చేసిన డాక్యుమెంటరీ ఆనాటి ముఖాలను భద్రపరిచింది. గుండు కొట్టించుకున్న అబ్బాయిలు, తల ఇరుపక్కలా గీయించుకుని మధ్య జుట్టు బిగించి కట్టుకున్న అమ్మాయిలు, ఇటలీలో తయారయ్యే ఆస్ట్రేలియన్ అనే బ్రాండు రంగురంగుల ట్రాక్‌సూట్లు, కాళ్లకు నైకీ ఎయిర్ మ్యాక్స్ బూట్లు అందులో కనిపిస్తాయి. వారి నాట్యం పేరు హాకెన్. నడుము పైభాగాన్ని పెద్దగా కదిలించకుండా కాళ్లను మాత్రం ప్రతి దెబ్బకూ ఒక అడుగు చొప్పున ముందుకీ పక్కకీ విసిరే ఈ నాట్యాన్ని నిమిషానికి 180 దెబ్బల వేగంతో గంటల తరబడి చేయాలంటే క్రీడాకారుని దేహదారుఢ్యం కావాలి; ఆ ట్రాక్‌సూట్లు వట్టి అలంకారం కావు. ఆ రాత్రుల్లో మత్తుమాత్రల వాడకం విస్తారంగా ఉండేదన్నదీ దాచగలిగిన సంగతి కాదు. వాడేవారు తెచ్చే మాత్రల్లో ఏముందో పరీక్షించి చెప్పే ప్రభుత్వ సహాయక వ్యవస్థ నెదర్లాండ్స్‌లో 1992 నుంచే ఉంది.

గుండ్లు, బాంబర్ జాకెట్లు చూసి పత్రికలు గ్యాబర్ యువకులను నయా నాజీలతో ముడిపెట్టాయి. ఆ ఆరోపణ పూర్తిగా నిరాధారమైనదేమీ కాదు. జాతి విద్వేషులు కొందరు ఆ గుంపుల్లో ఉన్నారు, 2000ల మొదట్లో ‘లాన్స్‌డేల్ యువత’ (ఆ బ్రాండు దుస్తులు వేసుకునేవారు) పేరుతో ఆ సమస్య మళ్లీ తలెత్తినప్పుడు డచ్చి గూఢచార విభాగం 2005లో నివేదిక కూడా వెలువరించింది. కానీ రంగంలో ముందున్న డీజేలు, లేబుళ్లు తొలినుంచీ జాతివివక్షకు, ఫాసిజానికి వ్యతిరేకంగా నినాదాలను రికార్డు అట్టల మీదే అచ్చువేశారు. కార్మిక యువకుల వేషభాషలు చూసి తీర్పు చెప్పిన పత్రికలు, ఆ నినాదాలకు ఎన్నడూ అంత చోటివ్వలేదు.

పతనం తియ్యదనం రూపంలో వచ్చింది. రాగాలను పెంచి, పిల్లల గొంతులాంటి స్వరాలను చేర్చి, మొరటుతనాన్ని తగ్గించిన హ్యాపీ హార్డ్‌కోర్ 1995లో ప్రజాదరణ పట్టికలను ఊపేసింది. చార్లీ లోనాయిజ్, మెంటల్ థియో ద్వయం చేసిన ‘వండర్‌ఫుల్ డేస్’ జర్మనీలోనూ విజయం సాధించగా, గ్యాబర్‌కు అంకురార్పణ చేసిన ఎల్‌స్టాకే ‘రెయిన్‌బో ఇన్ ద స్కై’ వంటి పాటలతో తారగా మారడం పాత అనుచరులకు మింగుడుపడలేదు. 1996లో పార్టీ యానిమల్స్ బృందం ఒలీవియా న్యూటన్-జాన్ పాత పాటను వేగం పెంచి మొదటి స్థానానికి చేర్చింది. 1997లో గ్యాబర్ పీట్ అనే పేరుతో ఒకరు చిన్నపిల్లల టీవీ కార్యక్రమం బాణీని వాడుకుని చేసిన పాట, హాకూబార్ బృందం చేసిన వ్యంగ్యం దేశమంతా మోగేసరికి, ఒకప్పుడు తల్లిదండ్రులను భయపెట్టిన వేషం పుట్టినరోజు వేడుకల్లో ఎనిమిదేళ్ల పిల్లలు వేసే వేషమైపోయింది. తమ సంస్కృతి హాస్యాస్పదమైపోయిందని గ్రహించిన యువకులు ఒకటి రెండేళ్లలోనే ట్రాక్‌సూట్లు విప్పేశారు. నిషేధాలు చేయలేని పనిని పరిహాసం చేసింది.

మిగిలినవారు చిన్న మందిరాలకు, పరిమిత సంఖ్యలో అచ్చయ్యే రికార్డులకు మళ్లారు. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ అనే ఉక్కు, బొగ్గు పట్టణంలో 1994 నుంచి 2004 దాకా నడిచిన బ్లడీ ఫిస్ట్ రికార్డ్స్ ఈ కాలపు అండర్‌గ్రౌండ్‌కు మంచి ఉదాహరణ. ఆ లేబుల్‌లోని నాజెన్‌బ్లూటెన్ బృందం ఖరీదైన స్టూడియో లేకుండా అమీగా అనే ఇంటి కంప్యూటరుతోనే రికార్డులు కూర్చి రాటర్‌డ్యామ్‌కు మించిన కర్కశత్వంతో పేరు తెచ్చుకుంది. నెదర్లాండ్స్‌లో 2000 తరువాత హార్డ్‌కోర్ వేగం తగ్గించుకుని, ధ్వనిలో బరువు పెంచుకుని, పారిశ్రామిక వాసన కలిగిన కొత్త రూపంతో తిరిగొచ్చింది. ఇంతలో 150 బీపీఎం దగ్గర నడిచే హార్డ్‌స్టైల్ అనే మరింత సులభమైన శాఖ పుట్టి, 2003లో మొదలైన డెఫ్‌కాన్.1 ఉత్సవం ద్వారా ప్రపంచ వ్యాప్తమైంది. దాని కథ మరో వ్యాసానికి సరిపోతుంది.

ఈ రంగంలో కొత్త సంగీతపు కబురు ప్రయాణించే తీరు పత్రికలకు, రేడియోలకు సమాంతరంగా తనదైన దారి వేసుకుంది. తొలినాళ్లలో రికార్డు దుకాణమే వార్తాకేంద్రం. పేరు, బొమ్మ ఏమీ లేని తెల్ల అట్టతో కొద్దిపాటి కాపీలు అచ్చువేసిన ‘వైట్ లేబుల్’ రికార్డులు ముందుగా డీజేలకు చేరేవి. వారు వేసిన పాట మీద జనం చూపిన స్పందనను బట్టి దాన్ని పెద్ద సంఖ్యలో అచ్చువేయాలా వద్దా అన్నది తేలేది. వేడుకల్లో రికార్డు చేసిన క్యాసెట్లు చేతులు మారుతూ దేశాలు దాటేవి, రంగుల ఫ్లయర్లు తదుపరి వేడుక కబురు మోసేవి. నేడు ఆ పని సౌండ్‌క్లౌడ్, బ్యాండ్‌క్యాంప్ వంటి వేదికల మీద జరుగుతున్నా లోపలి క్రమం పెద్దగా మారలేదు. విడుదల కాని రచనను డీజే ముందు వేదిక మీద వినిపిస్తాడు, ఎవరో తీసిన వీడియోలో అది పేరు తెలియని పాటగా, రంగపు పరిభాషలో ‘ఐడీ’గా, చక్కర్లు కొడుతుంది, అభిమానులు కర్త ఎవరని కూపీ లాగుతారు, చాలాకాలానికి గాని అసలు పాట వెలువడదు. పెద్ద ఉత్సవాలు ఏటా ఒక కళాకారునికి ఆ ఏటి ‘యాంథమ్’, అంటే ఉత్సవ గీతం, కూర్చే బాధ్యత అప్పగిస్తాయి, ఆ గీతం వెలువడటమే ఆ ఏటి ఉత్సవ కాలానికి నాందిగా భావిస్తారు.

జపాన్ ఇంకో దారి చూపింది. అక్కడ రచయితలు, చిత్రకారులు తమ పనిని తామే అచ్చువేసి సంతల్లో బల్లలు పరచుకుని అమ్ముకునే దోజిన్ సంప్రదాయం ఉంది. కార్టూన్ గొంతులను, వీడియో ఆటల బాణీలను గ్యాబర్ కిక్ మీద ఎక్కించిన షార్ప్‌నెల్ వంటివారు, 2003లో మొదలైన హార్డ్‌కోర్ తానోసీ బృందం ఆ సంతల ద్వారానే శ్రోతలను సంపాదించుకున్నారు. వారి రచనలు లయతో ఆడే ఆర్కేడ్ యంత్రాల్లోకి చేరడంతో, డాన్స్ క్లబ్బు గడప తొక్కని కుర్రవాళ్లు కూడా హార్డ్‌కోర్ శ్రోతలయ్యారు.

గత పదేళ్లలో అత్యంత ఆసక్తికరమైన కొత్త సంగీతం నెదర్లాండ్స్‌కు చాలా దూరంలో పుట్టింది. ఇండొనేషియాలోని బాలిలో కాసిమిన్, ఇచాన్ హారెం అనే ఇద్దరు స్థాపించిన గ్యాబర్ మోడస్ ఒపెరాండీ బృందం, పూనకంతో ముగిసే జావా జానపద నృత్యం జథిలన్‌ను, వీధి వేడుకల దాంగ్‌దుత్ పాటలను, గమెలాన్ అనే సంప్రదాయ వాద్యబృందపు స్వరస్థానాలను గ్యాబర్ దరువుతో కలిపి 2018లో ‘పుక్సిమాక్స్’, 2019లో ‘హోక్సియా’ ఆల్బమ్‌లు తెచ్చింది. వేగం ఇండొనేషియాకు కొత్త కాదు; అక్కడి ఫంకోట్ అనే డాన్స్ సంగీతం అంతకుముందే 180 చుట్టుపక్కల పరుగెత్తేది. ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ 2022 నాటి తన ‘ఫోసోరా’ ఆల్బమ్‌లో కాసిమిన్‌తో కలిసి పనిచేసి, క్లారినెట్ల మధ్యన గ్యాబర్ దెబ్బలను కూర్చోబెట్టింది. టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో సింగేలి అనే సంగీతం 200 నుంచి 300 వేగంతో నడుస్తుంది. ఉగాండాలోని న్యేగే న్యేగే టేప్స్ అనే లేబుల్ 2017లో ‘సౌండ్స్ ఆఫ్ సిస్సో’ సంకలనం తెచ్చాక ఐరోపా ఉత్సవాలు ఆ కళాకారులను ఆహ్వానించసాగాయి. విలేకరులు దీన్ని ఆఫ్రికా గ్యాబర్ అని పరిచయం చేయడం అన్యాయం. సింగేలి మూలాలు స్వాహిలీ పెళ్లిపాటల తారబ్‌లో, పేదవాడల మ్చిరికులో ఉన్నాయే తప్ప రాటర్‌డ్యామ్‌లో లేవు. రెండింటినీ కలిపేది వంశం కాదు, పరిస్థితి: చవకైన యంత్రం, ఇరుకైన గది, రాత్రంతా నిలబడే శ్రోతలు.

ఐరోపాలోనూ కొత్త తరం గ్యాబర్‌ను భద్రపరిచే వస్తువుగా, తిరగరాసే వస్తువుగా చూడసాగింది. ఇటలీకి చెందిన అల్బర్టో గ్వెరీని గ్యాబర్ ఎలెగాంజా పేరుతో పాత ఫొటోలు, ఫ్లయర్లు సేకరించి, హాకెన్ నర్తకులను వేదిక మీద నిలిపే ‘హాకే షో’ ప్రదర్శనను రూపొందించాడు. పారిస్‌లో క్యాజువల్ గ్యాబర్జ్ బృందం గ్యాబర్‌లోకి ఫ్రెంచి ర్యాప్‌ను తెచ్చింది. 2012లో చివరిదని ప్రకటించి ముగించిన థండర్‌డోమ్ 2017లో ఇరవై అయిదో వార్షికానికి ఉట్రెక్ట్‌లో తిరిగి వచ్చింది, 2022లో ముప్పయ్యోది జరిగింది. 2024లో నెదర్లాండ్స్ తరఫున యూరోవిజన్‌కు వెళ్లిన యూస్ట్ క్లైన్ పాట ‘యూరోపాపా’ కర్తల్లో పాల్ ఎల్‌స్టాక్ కూడా ఉన్నాడు, పాట చివర గ్యాబర్ దరువుతో విరుచుకుపడుతుంది. స్వీడన్‌లోని మాల్మోలో జరిగిన ఆ పోటీలో ఫైనల్‌కు ముందే క్లైన్‌ను నిర్వాహకులు తప్పించినా, అప్పటికే పాట ఖండమంతా పాకిపోయింది.

చట్టం, పెట్టుబడి ఈ రంగాన్ని రెండు వైపుల నుంచి నొక్కుతున్నాయి. అనుమతి లేకుండా ఖాళీ గోదాముల్లో, పొలాల్లో జరిపే ఉచిత వేడుకలను అణచడానికి బ్రిటన్ 1994లో చేసిన చట్టం, వరుసగా పునరావృతమయ్యే దెబ్బలతో కూడిన శబ్దాలంటూ సంగీతపు లక్షణాన్నే చట్టభాషలో నిర్వచించింది. ఇటలీలో 2022 అక్టోబరు చివర మోదెనా వేడుక తరువాత వచ్చిన ఆర్డినెన్సు, ఆ డిసెంబరులో చట్టమై, నిర్వాహకులకు మూడు నుంచి ఆరేళ్ల జైలుశిక్ష విధించే వీలు కల్పించింది. మరోపక్క ఐడీఅండ్‌టీ 2021లో సూపర్‌స్ట్రక్ట్ అనే ఉత్సవాల సంస్థ చేతికి, ఆ సంస్థ 2024లో అమెరికా పెట్టుబడి సంస్థ కేకేఆర్ చేతికి వెళ్లాయి. ముగ్గురు మిత్రులు మంచు స్టేడియం అద్దెకు తీసుకుని మొదలుపెట్టిన వేడుక పేరు ఇప్పుడు న్యూయార్క్ లెక్కల పుస్తకాల్లో ఆస్తిగా నమోదై ఉంటుంది. 1997 అనుభవాన్ని బట్టి చూస్తే, ఈ సంగీతానికి పోలీసులకంటే ఈ రెండో ఒత్తిడి ఎక్కువ ప్రమాదకరం అనిపిస్తుంది. పోలీసులు తరిమిన వేడుక మరో గోదాము వెతుక్కుంటుంది, టిక్కెట్టు ధర తరిమిన కార్మికుని పిల్లవాడు తిరిగి రాడు.

కొత్తగా వినదలచిన పాఠకులు ‘వి హావ్ అరైవ్డ్’తో మొదలుపెట్టి, యూరోమాస్టర్స్ తొలి రికార్డు, ఆపైన గ్యాబర్ మోడస్ ఒపెరాండీ ‘హోక్సియా’ వరుసలో వింటే మూడు దశాబ్దాల దారి గంటన్నరలో అర్థమవుతుంది. మంద్రస్వరాలను పలకలేని ఫోను స్పీకరులో కిక్ ఎగిరిపోయి గోల మాత్రం మిగులుతుంది కనుక మంచి హెడ్‌ఫోన్లో, పెద్ద స్పీకర్లో అవసరం. శబ్దం మాత్రం ఒక మెట్టు తగ్గించే ఉంచాలి. వేడుకలకు వెళ్లేవారు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాలి: సంగీత వేదికల్లో పదిహేను నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం నిర్దేశించింది, పోగొట్టుకున్న వినికిడి తిరిగి రాదు.